ఇలకూర: చవిటి నేలలో మొలిచే ఆకుకూర, తీరం మరిచిపోతున్న పేరు

యానాం నుంచి కాకినాడ వెళ్లే దారిలో తాళ్లరేవు, కోరంగి ప్రాంతాలకు వచ్చేసరికి ఊళ్లకూ మడ అడవికీ మధ్య ఖాళీగా పడి ఉన్న నేల కనిపిస్తుంది. వరి పండదు, కొబ్బరి నిలవదు. పైన తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. దాన్నే మనవాళ్లు చవిటి పర్ర అంటారు. వానలు వెళ్లిన రెండు మూడు వారాలకు ఆ పర్ర మీద సన్నని, గుండ్రటి, నీరు నిండిన ఆకులతో ఒక పచ్చని మొక్క గుబురుగా పరుచుకుంటుంది. వేసవి ముదిరేకొద్దీ అదే మొక్క ఎర్రబడి, దూరానికి నేలంతా కుంకుమ చల్లినట్టు కనిపిస్తుంది. అదే ఇలకూర. పాత పుస్తకాల్లో ఇల్లకూర అని కూడా కనిపిస్తుంది. శాస్త్రీయ నామం సుయేడా మారిటిమా.

ఒడిశా తీరంలోని మన జాలరిపేటల నుంచి ప్రళయకావేరి ఒడ్డు దాకా, అటు ముంబయి కయ్యల దాకా, తెలుగువాళ్లు స్థిరపడిన తీరాలు చాలావాటిలో ఈ మొక్క ఉంది. పేరు మాత్రం ఊరూరికీ మారిపోయింది. ఒడియాలో గిరియా సాగ అంటారు. తమిళులు ఈ తరహా ఉప్పునేల మొక్కలన్నిటినీ కలిపి ఉమరి అనడం ఎక్కువ. మరాఠీలో మోరస్. పూరీ పెంటకోటలోనో గంజాం తీరంలోనో పుట్టి పెరిగిన తెలుగు పిల్లవాడికి ఈ మొక్క తెలిసినా, బడి భాషలోని పేరే తెలిసి ఉండటం సహజం. ఇంట్లో అమ్మమ్మ వాడిన మాట, ఆమెతోనే ఆగిపోతోంది. ఈ వ్యాసం రాయాలనిపించడానికి మొదటి కారణం అది. రెండో కారణం ఇంకా పాతది. దాని కోసం రెండు వందల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

సామర్లకోట డాక్టరు రాసిపెట్టిన మాట

విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండు వైద్యుడు 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు వచ్చాడు. 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. అక్కడే తోట వేశాడు, వానల లెక్కలు రాశాడు, స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల్లో కొన్నిటిని ఎంచి 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కల పేరుతో మూడు సంపుటాలుగా అచ్చువేశారు. మొత్తం 300 పలకలు. మనకు ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆయన మొక్కల తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. పేరు చెప్పినవాళ్లు ఎవరో ఎక్కడా లేదు. పేరు మాత్రం మిగిలింది.

ఆయన సామర్లకోటలో ఉన్న చివరి రోజుల్లోనే ఉత్తర సర్కారుల్లో భయంకరమైన కరువు వచ్చింది. అంతకు కొద్దికాలం ముందే, 1789 డిసెంబరులో, తుఫాను ఉప్పెన కోరంగిని ముంచెత్తింది. ఆ దెబ్బ మీద వానలు లేక పంటలు పోయాయి. 1791 నుంచి 1793 వరకు సాగిన ఆ కరువు గురించి రాస్తూ రాక్స్‌బరో మన ఇలకూరను ప్రస్తావించాడు. సముద్రం దగ్గర ఉండే జనం, కులం హోదా తేడా లేకుండా, దీని ఆకును మామూలు రోజుల్లో కూడా కూరగా తింటారని, ఆరోగ్యానికి మంచిదని అనుకుంటారని రాశాడు. కరువు రోజుల్లో తీరంలోని పేదలకు ఈ ఆకు తప్ప తినడానికి దాదాపు ఇంకేమీ లేదనీ, మొక్క దొరికినంత కాలం వేలమంది ప్రాణాలు నిలబెట్టింది ఇదేననీ ఆయన లెక్క. ఈ మాటలు ఆయన చనిపోయాక అచ్చయిన ఫ్లోరా ఇండికాలో ఉన్నాయి. అప్పట్లో ఈ మొక్కను సాల్సోలా అనే ప్రజాతిలో చేర్చాడు. తరవాతి వృక్షశాస్త్రజ్ఞులు సుయేడాలోకి మార్చారు.

మనలో చాలామందికి కరువు అంటే డొక్కల కరువు, ధాత కరువు గుర్తొస్తాయి. తీరంలో బతికి బట్టకట్టినవాళ్ల వెనక ఒక ఉప్పటి ఆకు ఉందన్న సంగతి బడి పుస్తకాల్లో కనిపించదు. మన పూర్వీకుల్లో కొందరైనా ఆ ఆకు తిని మిగిలినవాళ్లే అయి ఉంటారు.

కరువులో తిన్న కూర కాబట్టి కాస్త నిలదొక్కుకున్న ఇళ్లలో దీన్ని చిన్నచూపు చూడటం కూడా ఉంది. పర్ర మీద కూర ఏరుకొచ్చుకున్నారంటే లేనివాళ్లని అర్థం. తోటకూరకు లేని నామోషీ ఇలకూరకు ఎందుకు వచ్చిందంటే, బహుశా అది డబ్బు పెట్టి కొనాల్సిన అవసరం లేనిది కావడమే.

మొక్కను గుర్తుపట్టడం

ఇలకూర పాలకూర, తోటకూర, బీట్‌రూట్‌ల కుటుంబానికే చెందినది. వేసవిలో ఎర్రబడటానికి కారణం బీట్‌రూట్‌లో ఉండే తరహా రంగు పదార్థమే. మొక్క సాధారణంగా జానెడు నుంచి మోకాలి ఎత్తు వరకు పెరుగుతుంది. ఆకు వెడల్పుగా ఉండదు. సన్నగా, పొడవుగా, ఒకవైపు కొంచెం చదునుగా, రెండోవైపు గుండ్రంగా, వేళ్ల మధ్య నలిపితే నీరు వచ్చేలా ఉంటుంది. కొమ్మ మీద ఆకులు ఎదురెదురుగా కాక ఒకదాని తరవాత ఒకటిగా వస్తాయి. పువ్వులు చూడాలంటే కళ్లజోడు కావాలి. ఆకు మొదట్లో ఆకుపచ్చటి చిన్న గుండ్లలా అంటిపెట్టుకుని ఉంటాయి. గింజ నల్లగా మెరుస్తుంది.

పక్కనే పెరిగే మరో మూడు మొక్కలతో దీన్ని కలిపేసుకోవడం మామూలే. ఒకటి రేవుకాడ. అది కూడా సుయేడా జాతే, ఇలకూరకు దగ్గర చుట్టం. కొమ్మ కొనల్లో పూల కంకులు ఆకుల్లేకుండా బోడిగా ఉంటాయి. రేవుకాడ అన్న పేరు విన్నాక అది ఎక్కడ దొరుకుతుందో వేరే చెప్పనక్కర్లేదు. రెండోది వంగరెడ్డి కూర. నేల మీద పాకుతుంది, ఆకులు ఎదురెదురుగా, పప్పుకూర ఆకులా మందంగా ఉంటాయి, గులాబీరంగు చుక్కల్లాంటి పువ్వులు పూస్తుంది. ఇసుక ఒడ్డున కూడా పెరుగుతుంది. ఇది కూడా తినే మొక్కే. మూడోది కొయ్యలు అనే మొక్క. దానికి ఆకులే కనిపించవు. కణుపులు కణుపులుగా ఉండే పచ్చని కాడలే ఉంటాయి. భావనగర్‌లోని కేంద్రీయ లవణ, సముద్ర రసాయన పరిశోధన సంస్థ ఈ జాతి మొక్క నుంచే సలోని అనే శాకాహార ఉప్పును తయారు చేసింది.

నాలుగూ తినదగినవే కాబట్టి ఒకదానికి బదులు ఇంకొకటి కోసినా ప్రాణాపాయం లేదు. కానీ ఉప్పు పాళ్లు, ఉడికే తీరు వేరు. అయినా మొదటిసారి ఏరేవాళ్లు ఆ ఊళ్లో ఏళ్ల తరబడి ఏరినవాళ్లను వెంట తీసుకువెళ్లడమే పద్ధతి. ఫోటో చూసి కోయడం వద్దు.

ఉప్పునీటిలో ఎలా బతుకుతుంది?

వరి మొక్క ఉప్పునీరు తగిలితే మాడిపోతుంది. వేరు చుట్టూ ఉప్పు ఎక్కువైతే మొక్క నీరు పీల్చుకోలేదు. ఇలకూర చేసే పని వేరు. అది ఉప్పును లోపలికి రానిస్తుంది. వచ్చిన ఉప్పును ఆకు కణాల్లోని నీటి సంచుల్లో నిలవ చేసి, కణం పనిచేసే మిగతా భాగానికి తగలకుండా విడిగా ఉంచుతుంది. ఆ ఉప్పును పలుచన చేయడానికి నీరు ఎక్కువ పడుతుంది కాబట్టి ఆకు ఉబ్బుతుంది. మనం నోట్లో వేసుకుంటే కరకరమని ఉప్పగా తగిలేది ఆ సంచుల్లోని నీరే. అసలు కొంచెం ఉప్పు ఉంటేనే ఈ మొక్క బాగా పెరుగుతుంది.

గింజ మొలకెత్తడానికి మాత్రం మంచినీరు కావాలి. అందుకే వానలు పర్ర మీది ఉప్పును కడిగాకే మొలకలు కనిపిస్తాయి. తూర్పు తీరంలో ఈశాన్య రుతుపవనాల వానల తరవాత, కార్తీకం నుంచి సంక్రాంతి వరకు వచ్చే లేత కూర రుచిగా ఉంటుంది. ముదిరితే కాడ కొయ్యబారి, ఆకులో ఉప్పు చిక్కబడుతుంది.

ఈ ఉప్పు వల్లే ఇలాంటి మొక్కలను కాల్చిన బూడిదలో సోడా ఎక్కువ ఉంటుంది. పూర్వం యూరప్‌లో సబ్బుకూ గాజుకూ ఇటువంటి బూడిదే ఆధారం. కోరమాండల్ తీరంలోని ఈ మొక్కల నుంచి అపారంగా సోడా తీయవచ్చని రాక్స్‌బరో కూడా గమనించాడు. అయితే తరవాత మామూలు ఉప్పు నుంచి ఫ్యాక్టరీలో సోడా చేయడం వచ్చేసింది. తీరపు మొక్క తప్పించుకుంది.

వంటింట్లో

ముందే చెబుతున్నాం, ఈ కూర వండటంలో మేము మొదటిసారి దెబ్బతిన్నాం. పాలకూరలా కడిగి నేరుగా పప్పులో వేసి, అలవాటు కొద్దీ ఉప్పు కూడా వేశాం. ఆ పప్పు ఎవరూ తినలేకపోయారు. ఇలకూర వంటలో అసలు కిటుకంతా పొయ్యి మీద పెట్టే ముందే ఉంది.

లేత కొసలు మాత్రమే గిల్లాలి. గోటితో తెగని కాడ పనికిరాదు. పర్ర బురద ఆకుల మధ్య ఇరుక్కుని ఉంటుంది కాబట్టి మూడు నాలుగు నీళ్లు మార్చి కడగాలి. తరవాత కూరకు నాలుగైదు రెట్లు నీళ్లు మరిగించి, అందులో కూర వేసి ఐదు నుంచి ఏడు నిమిషాలు ఉడకనిచ్చి, నీళ్లు వార్చేయాలి. ఒక ఆకు నోట్లో వేసుకుని చూడాలి. ఇంకా ఉప్పగా ఉంటే మళ్లీ మంచినీళ్లు పోసి ఇంకో ఉడుకు. చల్లారాక గట్టిగా పిండాలి. ఈ వార్చడం ఉప్పు కోసమే కాదు. ఈ కుటుంబపు ఆకుకూరల్లో ఆక్సలేట్లు ఉంటాయి, అందులో కొంత నీళ్లతో పోతుంది. వార్చిన నీళ్లు చారుకు వాడుదామని దాచుకునేవాళ్లున్నారు. వద్దు.

పిండిన కూర చూస్తే నిరాశ కలుగుతుంది. బుట్టెడు తెస్తే రెండు గుప్పెళ్లు మిగులుతుంది. పప్పుకు ఆ రెండు గుప్పెళ్లు చాలు. ఒక కప్పు కందిపప్పు మెత్తగా ఉడికించి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, పసుపు వేసి, చింతపండు కొద్దిగా పిండి, చివర్లో ఈ కూర కలిపి రెండు నిమిషాలు ఉంచి దించాలి. ఉప్పు వేయకూడదు. తాలింపులో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు. దించాక రుచి చూసి కావాలనుకుంటే అప్పుడు చిటికెడు ఉప్పు. చింతపండు మాత్రం మానొద్దు, ఈ కూరకు పులుపు తగిలితేనే మట్టివాసన పోతుంది.

మా దృష్టిలో పప్పు కన్నా రొయ్యలతోనే ఇది బాగుంటుంది. పచ్చి రొయ్యలను ఉల్లి, అల్లంవెల్లుల్లి, కారంతో వేయించి, నీరు ఇగిరాక పిండిన ఇలకూర వేసి కలియబెట్టాలి. రొయ్యలో తీపి, కూరలో ఉప్పు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఎండురొయ్యలతో చేసేవాళ్లు అవి కూడా ఉప్పు పట్టినవే అని మరవకూడదు. వాటిని వేడినీళ్లలో నానబెట్టి పిండాలి, కూరను రెండుసార్లు వార్చాలి.

వేపుడు చేస్తే పచ్చికొబ్బరి కోరు ఎక్కువ పడాలి. మహారాష్ట్ర తీరంలో మోరస్‌ను శనగపిండితో కలిపి వండుతారు. ఆ పద్ధతి చూసి మేము పకోడీ వేశాం. పిండిలో ఉప్పు లేకుండా, వాము కొంచెం ఎక్కువగా. వానాకాలం సాయంత్రం పకోడీకి ఇంతకన్నా చౌకైన సరుకు లేదు. పెరుగు పచ్చడి కూడా బాగుంటుంది. పెరుగులోని కాల్షియం మిగిలిన ఆక్సలేట్‌ను పట్టి ఉంచుతుంది కాబట్టి అది కడుపుకూ మంచిదే.

పచ్చిగా, ఉప్పుకు బదులు సలాడ్‌లో వేసుకోవడం ఇప్పుడు పెద్ద హోటళ్ల పద్ధతి. నాలుగు ఆకులు అలా తింటే తప్పులేదు. ఊళ్లలో మాత్రం పర్ర మీద పశువులు తిరుగుతాయి, మురుగు కలుస్తుంది, కాబట్టి ఉడికించి తినడమే నయం.

ఎవరు తినకూడదు, ఎక్కడిది తినకూడదు

రక్తపోటు ఉన్నవాళ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఈ కూరను డాక్టరును అడగకుండా ముట్టకూడదు. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వార్చిన తరవాత కూడా ఇందులో ఉప్పు మిగులుతుంది. మూత్రంలో రాళ్లు వచ్చే తత్వం ఉన్నవాళ్లు ఆక్సలేట్ వల్ల దూరంగా ఉండటం మంచిది.

ఎక్కడ ఏరామన్నది అంతకన్నా ముఖ్యం. నేలలోని ఉప్పును పీల్చుకునే మొక్క, అదే నేలలో సీసమో కాడ్మియమో ఉంటే దాన్నీ పీల్చుకుంటుంది. కలుషితమైన చవిటి నేలల్ని శుభ్రం చేయడానికి ఈ జాతి మొక్కల్ని వాడవచ్చా అని శాస్త్రవేత్తలు చూస్తున్నది అందుకే. శివ్డీ ఒడ్డున, ఠాణే కయ్య పక్కన, ఉత్తర చెన్నైలో కర్మాగారాల దగ్గర పెరిగిన కూర ఎంత పచ్చగా ఉన్నా వంటింటికి తేవద్దు. రొయ్యల చెరువుల మురుగు వదిలే కాలువల గట్లు కూడా అంతే.

పర్ర ఖాళీ నేల కాదు

మన రెవెన్యూ లెక్కల్లో చవిటి పర్ర పనికిరాని భూమి. ఆ ఒక్క మాట వల్లే 1990 దశకంలో రొయ్యల చెరువులు మొదట పడ్డది ఇలాంటి నేలల మీద. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలిలోని రొయ్యల చెరువులను తొలగించాలని తీర్పు ఇచ్చింది. తరవాత 2005లో పార్లమెంటు చేసిన తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టంతో సాగు మళ్లీ చట్టం నీడలోకి వచ్చింది. ఈ మధ్యలో చెరువు తవ్విన పర్ర మళ్లీ పర్రగా మారలేదు. గట్టు వేస్తే పోటునీరు రాదు. పోటు రాకపోతే ఇలకూర లేదు. దాని బదులు సర్కారు తుమ్మ వస్తుంది.

2011, 2019 నాటి తీర నియంత్రణ ప్రకటనలు ఉప్పునేల చిత్తడిని మడ అడవులతో సమానంగా అత్యంత సున్నితమైన మొదటి తరగతిలో చేర్చాయి. కాగితం మీద ఇది చిన్న విషయం కాదు. మీ ఊరి పర్రను పూడ్చడానికో తవ్వడానికో ఎవరైనా వస్తే, అది పనికిరాని భూమి కాదు, ఆ తరగతి కిందికి వస్తుంది అని అడిగే హక్కు గ్రామానికి ఉంది. ఆ నేల మీద ఏ మొక్క ఉందో పేరు పెట్టి చెప్పగలిగితే ఆ అడగడానికి బలం వస్తుంది. అర్జీలో పిచ్చిమొక్కలు అని రాస్తే ఎవరూ పట్టించుకోరు.

మరోవైపు, కోరంగి వన్యప్రాణి అభయారణ్యం హద్దుల్లో అనుమతి లేకుండా ఏ మొక్కా కోయకూడదు. 235.7 చదరపు కిలోమీటర్ల ఆ ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. హద్దు బయట ఉన్న పర్రలు తగ్గిపోయి, మిగిలిన మంచి కూరంతా హద్దు లోపల ఉండటం ఏరుకునేవాళ్లకు కష్టమే. తరతరాలుగా ఏరుకున్న గుప్పెడు ఆకుకు అనుమతి అడగమనడం మాకు సబబుగా అనిపించదు. అయినా చట్టం అది, తెలియక వెళ్లి కేసులో ఇరుక్కోవద్దని చెప్పడం మా బాధ్యత.

ఏరేటప్పుడు మొక్కను వేళ్లతో పీకకూడదు. కొస గిల్లితే పక్కకొమ్మలు వేస్తుంది, రెండు మూడుసార్లు కూర ఇస్తుంది. ఇది ఏటా గింజ నుంచి మొలిచే మొక్క కాబట్టి గుబురులో మూడో వంతైనా ముట్టకుండా గింజకు వదలాలి.

తీరానికి దూరంగా, షోలాపూర్‌లోనో బెంగళూరులోనో ఉన్నవాళ్లు కుండీలో కూడా పెంచుకోవచ్చు. ఎర్రబడిన మొక్క నుంచి నల్లని గింజలు దులిపి తెచ్చుకుని, ఇసుక కలిపిన మట్టి మీద చల్లి, మొలకలు వచ్చేదాకా మంచినీళ్లే చిలకరించాలి. నాలుగైదు ఆకులు వేశాక వారానికోసారి లీటరు నీటికి చెంచాడు రాతి ఉప్పు కలిపి పోస్తే ఆకు మందం తేలుతుంది. పక్క కుండీల్లోకి ఆ నీళ్లు జారకుండా కింద పళ్లెం పెట్టుకోండి, లేకపోతే కరివేపాకు చచ్చిపోతుంది.